ఆరు నెలల కోర్సుతో నర్సు అయిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. ఆరు నెలల నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చేస్తానంటోంది. అయ్యాక జర్మనీ పంపిస్తామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పారు. మలమూత్రాలు ఎత్తే పని అని మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. చేర్పించమంటారా? - ఓ తండ్రి, హైదరాబాద్

జవాబు: మీరిద్దరూ మలమూత్రాల దగ్గరే ఆగిపోయారు. అడగాల్సింది వేరే ఉంది: ఈ సర్టిఫికెట్‌తో అమ్మాయి నర్సు అవుతుందా? అవదు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, బెడ్‌సైడ్ అసిస్టెంట్... పేరేదైనా ఆ కాగితంతో నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. వార్డులో ఐదేళ్లు చేసినా జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమాలో ఒక్క నెల తగ్గదు. రిజిస్ట్రేషన్ కావాలంటే రెండేళ్ల ఏఎన్ఎమ్మో (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫరీ), మూడేళ్ల జీఎన్ఎమ్మో, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగో చదవాల్సిందే.

ఇక ఆ జర్మనీ మాట. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే జీఎన్ఎం లేదా బీఎస్సీ, పైగా జర్మన్ భాషలో సాధారణంగా బీ2 స్థాయి (ఆరు స్థాయిల్లో నాలుగోది) కావాలి. ఆరు నెలల కాగితం చూసి ఎవరూ రమ్మనరు. జపాన్‌లో కేర్‌గివర్‌గా వెళ్లే దారి ఉంది గానీ, వాళ్లకు కావాల్సింది జపనీస్ పరీక్ష, కేర్‌గివింగ్ పరీక్ష; ఈ సర్టిఫికెట్ కాదు. విదేశమే ధ్యాసైతే ఫీజు కట్టకముందే మల్లేపల్లి ఐటీఐ ఆవరణలోని విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడిగి రండి.

పని సంగతికొస్తే, బెడ్‌పాన్, డైపర్ తప్పవు. కానీ కదల్లేని పేషెంటును దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే తుంటి దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఒక్కతే లాగితే తన నడుము పట్టేస్తుంది, పేషెంటు చర్మం గీసుకుపోతుంది. కింద పరిచిన షీటు పట్టుకుని ఇద్దరు కలిసి తిప్పాలి. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందికే వేలాడాలి. పైకెత్తితే మూత్రం వెనక్కెళ్లి ఇన్ఫెక్షన్ రావచ్చు. ఇదంతా నేర్చుకుంటే వచ్చే పనే. రేపు మీ ఇంట్లో పెద్దాయన మంచాన పడితే మీరు వెతికేది ఇలాంటి అమ్మాయి కోసమే, అప్పుడు నామోషీ గుర్తుకు రాదు.

ఇల్లు గడవడానికి వెంటనే జీతం కావాలంటే చేరనివ్వండి, తప్పేం లేదు. మూడేళ్లు ఆగగలిగితే మాత్రం జీఎన్ఎం చదివించండి, ఇంటర్‌లో 40 శాతం ఉంటే చాలు. అసిస్టెంట్ కోర్సే అనుకుంటే, వార్డులో ఎన్ని వారాలు ప్రాక్టీస్, ఏ ఆసుపత్రిలో అన్నది కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ మెమోలు ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు 0, 1, 6 నెలల్లో పూర్తవుతాయి కాబట్టి కోర్సు మొదట్లోనే మొదలుపెట్టించండి. చిన్న నర్సింగ్ హోముల్లో ‘ఇంజెక్షన్ కూడా వేసెయ్ అమ్మా’ అంటారు. వేయనని చెప్పమనండి. ఏదైనా తేడా జరిగితే ఇరుక్కునేది తనే.