ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. కారు కొని ఆరేళ్లయింది. ఈ వేసంగిలో ఏసీ సరిగ్గా చల్లబడటం లేదు. షెడ్డులో అడిగితే ‘ఏటా గ్యాస్ కొట్టించాల్సిందే’ అంటున్నారు. డబ్బా, గేజీ కొనుక్కుని ఇంటి దగ్గర నేనే ఎక్కించుకోవచ్చా?

జవాబు: ‘ఏటా’ అన్న మాట దగ్గరే నా అభ్యంతరమంతా. గ్యాస్ పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, ఖర్చవదు. ఏడాదికే తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టు. ఆ చోటు వెతక్కుండా డబ్బా ఎక్కించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ముందు ఖర్చు లేని పనులు చూడండి. గ్లవ్ బాక్స్ వెనక ఉండే క్యాబిన్ ఫిల్టర్ మట్టితో మూసుకుపోయినా గాలి రాదు. ఏసీ వేసి బానెట్ ఎత్తితే కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ తిరుగుతుండాలి. అది తిరక్కపోతే ఎంత గ్యాస్ ఎక్కించినా బండి ఆగి ఉన్నప్పుడు వేడిగాలే.

ఈ రెండూ బాగుంటే లీకు వెతకండి. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి, జిడ్డు మీద దుమ్ము పేరుకున్న జాయింటే మొదటి అనుమానం. కళింగపట్నం, భావనపాడు వైపు ఉండే బండ్లకి ఉప్పుగాలి కండెన్సర్ రెక్కల్ని తినేస్తుంది. హైవే మీద కంకర లారీల వెనక వెళ్లేవాటికి రాయి తగిలి సూదిబెజ్జం పడుతుంది. ఖాళీ సిస్టంలో 150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా పొడి నైట్రోజన్ నింపి సబ్బునురగ పూస్తే బుడగ వచ్చిన చోటే చిల్లు. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ సిలిండర్ తగిలించకండి, లోపలి ఆయిల్‌తో కలిసి పేలుతుంది.

ఇక గేజీ సంగతి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 35 డిగ్రీల ఎండలో ఆర్-134ఏ (ఒక రకం ఏసీ గ్యాస్) సిస్టం దాదాపు 115 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల కొద్దిగా ద్రవం మిగిలి ఉన్నా అంతే, నిండా ఉన్నా అంతే. కాబట్టి ఎంత ఉందో గేజీ చెప్పదు, తూకమే చెప్పాలి. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ రకం, గ్రాములు రాసి ఉంటాయి. చిన్న కార్లలో సాధారణంగా నాలుగైదు వందల గ్రాములు. లోపల ఎంత మిగిలిందో తెలియనప్పుడు పైన ఎంత కలపాలో ఎవరికి తెలుస్తుంది? అందుకే పాతది రికవరీ యంత్రంతో (గ్యాస్‌ని బయటికి పోనీకుండా లాగి పట్టుకునేది) లాగి, మొదటినుంచీ తూచి ఎక్కించాలి. నట్టు వదులు చేసి గాలిలోకి వదిలేసే షెడ్డు మీద నాకు నిజంగానే కోపం. ఆ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,400 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

షెడ్లలో ఎక్కువగా ఎగ్గొట్టేది వ్యాక్యూమ్, అంటే గ్యాస్ ఎక్కించే ముందు లోపలి గాలినీ తేమనీ పంపుతో లాగేయడం. మన సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ లోపల ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ చల్లబడే సన్నని దారి) దగ్గర మంచుగడ్డై దారి మూస్తుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. పంపు పెట్టి 29 అంగుళాల (పాదరసం) వ్యాక్యూమ్ దాకా లాగితే నీరు 25 డిగ్రీలకే మరిగి ఆవిరిగా బయటికి పోతుంది. దానికి కనీసం అరగంట పడుతుంది, ఐదు నిమిషాల్లో అవదు. తర్వాత వాల్వులు మూసి, పంపు ఆపి పదిహేను నిమిషాలు చూడండి. ముల్లు వెనక్కి జరిగితే లీకు ఇంకా ఉన్నట్టే.

ఎక్కించేటప్పుడు రక్షణ కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. బయటపడిన ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. గాలి ఆడే చోటే చేయండి, దగ్గర బీడీ కూడా వెలిగించకండి. డబ్బాని తూకం మీద నిలువుగా పెట్టి, డబ్బా నుంచి గేజీకి వచ్చే పసుపు గొట్టంలో గాలిని ఒక్క క్షణం బయటికి వదిలి బిగించండి. తర్వాత గేజీ మీది నీలం వాల్వ్ (తక్కువ ఒత్తిడి వైపుది) తెరిచి ఇంజన్ వేయండి, ఏసీ, బ్లోయర్ రెండూ పూర్తిగా పెట్టండి. ఇంజన్ నడుస్తుండగా ఎర్ర వాల్వ్ (ఎక్కువ ఒత్తిడి వైపుది) ముట్టుకోవద్దు. అటువైపు 200 పీఎస్ఐ పైనే ఉంటుంది, అది వెనక్కి తన్ని డబ్బాని పగలగొడుతుంది. డబ్బా తిరగేసినా ప్రమాదమే, ద్రవం నేరుగా వెళ్లి కంప్రెసర్‌ని విరగ్గొడుతుంది. గ్రాములు సరిపోగానే ఆపేయండి. ఎక్కువైతే చల్లదనం పెరగదు, తగ్గుతుంది.

వంటగ్యాస్ ఎక్కించి ‘ఇదీ చల్లగానే వస్తుంది’ అనేవాళ్లున్నారు. వస్తుంది, నిజమే. డాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ లీకైతే అది మూసిన కారులో మీ పిల్లల మధ్య నిండుతుంది. ఆ షెడ్డు గడప తొక్కకండి.

స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ అని ఉన్నా, బండి ఎలక్ట్రిక్ లేదా హైబ్రిడ్ అయినా ఇంట్లో ప్రయత్నించకండి. మొదటిది మంట అంటుకునే గ్యాస్. రెండోదాంట్లో కంప్రెసర్‌కి హైవోల్టేజ్ ఉంటుంది, ఆయిల్ కూడా వేరు.

మీది ఆర్-134ఏ అయి, రికవరీ యంత్రం, పంపు, తూకం అద్దెకి దొరికితే చేసుకోవచ్చు. లేకపోతే షెడ్డుకే వెళ్లి ‘ఎన్ని గ్రాములు ఎక్కిస్తారు, తూకం ఏది’ అని అడగండి. పని అయ్యాక బండిలో గేజీ గొట్టాలు తగిలించే రెండు వాల్వుల మూతలూ బిగించారో లేదో చూసుకోండి. చాలాసార్లు గ్యాస్ పోయేది అక్కడినుంచే.