లారీ ఆగాక బాధ్యత ఎవరిది?

ఇసుక కొలతల గురించి పోయిన సంచికలో రాసినందుకు ఉత్తరాలు బాగానే వచ్చాయి. చాలామంది కొలతను వదిలేసి, సరుకు దించుకోవడం గురించే అడిగారు. మంచిదే. నేను హైదరాబాద్ నిర్మాణ సైట్లలో స్టోర్‌కీపర్‌గా పని చేసి రిటైరైన మనిషిని. గేటుకూ గోడౌనుకూ మధ్య నేను చూసింది ఒకటే. డ్రైవరు సరఫరాదారు మనిషి, హమాలీలు ముఠా మేస్త్రీ మనుషులు, ఇంజినీరు పై అంతస్తులో ఉంటాడు, యజమాని బస్తాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. దించే ఆ గంటసేపూ ఎవరి పని వారిది. మొత్తాన్ని చూసేవాడు మాత్రం ఉండడు. కింది జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తే విసుక్కోకండి.

ప్రశ్న: మేము నిజాంపేటలో ఇల్లు కట్టుకుంటున్నాం. వీధి 20 అడుగులే. బాల్కనీ ఎదురుగా 11 కేవీ కరెంటు తీగలు పోతున్నాయి. రెండో అంతస్తు స్లాబుకు ఇనుము రావాలి. మేస్త్రీ వీధిలోంచి తాడుతో చువ్వలను పైకి లాగుతానంటున్నాడు. తీగలకు ప్లాస్టిక్ పైపు తొడిగితే సరిపోతుందా?
— ఒక గృహిణి, నిజాంపేట

జవాబు: సరిపోదమ్మా. ఆ పైపు ఎండకు బీటలు వారుతుంది, వానకు లోపల తడి చేరుతుంది. 11 వేల వోల్టులను ఆపడానికి చేసిన వస్తువు కాదది. పైగా పైపు ఉందన్న ధైర్యంతో మనుషులు తీగకు ఇంకా దగ్గరగా వెళ్తారు. ఆ వోల్టేజీ దగ్గర చువ్వ తీగను తాకనే అక్కరలేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు.

చువ్వ పొడవు 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు. తాడు కట్టి లాగితే కింది కొస ఒకరి చేతిలో, పై కొస గాలిలో. గాలిలో ఉన్న కొస ఎవరి మాటా వినదు. కింద పట్టుకున్నవాడు ఒక్క అడుగు తడబడితే పైన అది గజాల దూరం ఊగుతుంది. కాబట్టి ఆ తీగలున్న వైపు నుంచి పైకి లాగడం వద్దే వద్దు. డ్రాయింగు ప్రకారం చువ్వలను కిందే కోయించి, వంచించి, తీగలు లేని వెనుక వైపు నుంచి ఎక్కించమనండి. మెట్ల మీదుగా పోయే ముక్కలను మెట్ల మీదుగానే మోయించండి. మేస్త్రీ కూలి ఎక్కువవుతుందంటాడు. అవుతుంది. ఇవ్వండి.

వేరే దారి లేకపోతే విద్యుత్ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి లైన్ క్లియర్ తీసుకోండి. సిబ్బంది వచ్చి లైను ఆపి, ఎర్త్ చేసి, ఇక పని మొదలుపెట్టమని చెప్పాకే చువ్వ లేవాలి. తెలిసిన లైన్‌మన్‌కు ఫోను చేసి మాట మీద ఆపించుకోవడం లైన్ క్లియర్ కాదు. ‘ఇప్పుడు కరెంటు పోయింది, త్వరగా లాగేద్దాం’ అనడం అంతకన్నా ఘోరం. అది ఏ క్షణాన వస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక ఇనుము తెచ్చే వ్యాన్ సంగతి. వీధి ఇరుకు కనుక చువ్వలను మధ్యకు మడిచి తెస్తారు. కట్టు కోయగానే ఆ మడత విసురుగా విచ్చుకుంటుంది. కాళ్లు విరిగేది అక్కడే. విచ్చుకునే దిశలో ఎవరూ లేరని చూసుకున్నాకే కోయాలి. మడవకుండా, వెనక్కి పొడుచుకొచ్చిన చువ్వలతో వస్తే తీసుకోకండి. అలా తేవడాన్ని 2014లోనే నిషేధించారు; మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సరుకు బండి బయటికి చొచ్చుకొస్తే జరిమానా 20 వేల రూపాయలు.

అన్నిటికన్నా ముందు, దించే రోజుకు ఒక మనిషిని నియమించండి. మీ ఇంట్లోవారైనా సరే, వాచ్‌మన్ అయినా సరే. ‘ఆపండి’ అంటే అందరూ ఆగాలని మేస్త్రీకి, డ్రైవరుకు ముందే చెప్పండి. ఆ మనిషి ఆ గంటసేపూ బరువు మోయకూడదు, ఫోను మాట్లాడకూడదు.

ప్రశ్న: కోకాపేటలో ఒక టవర్ సైటులో జూనియర్ ఇంజినీరుని. హైడ్రా క్రేనుతో చువ్వల కట్టలు దించేటప్పుడు కట్టుతీగకే కొక్కెం తగిలిస్తున్నారు. వద్దంటే ఆపరేటరు, ‘మేడమ్, మీరు నీడలో కూర్చోండి’ అంటున్నాడు. ఏం చేయాలి?
— ఒక ఇంజినీరు

జవాబు: నీడలోనే కూర్చోండి. సరుకు అందిందని సంతకం పెట్టే చలానా పుస్తకం దగ్గర పెట్టుకుని మరీ కూర్చోండి. మీ సంతకం, స్టాంపు పడనిదే ఆ లారీకి బాడుగ రాదు, క్రేనుకు గంటల లెక్క తేలదు. నేను నోరు పెంచి సాధించింది తక్కువ, పెన్ను మూత తీయకుండా సాధించింది ఎక్కువ. ‘కట్టుతీగ వదిలి స్లింగులు, అంటే బరువెత్తే తాళ్లు, వేయండి, సంతకం పెడతాను’ అనండి. ఒకటి రెండు లారీలు ఆలస్యమవుతాయి. ఆ తర్వాత స్లింగులు వాటంతట అవే వస్తాయి.

మీరు చెప్పింది నిజమే. కట్టుతీగ చువ్వలు చెదరకుండా ఉంచడానికే తప్ప ఎత్తడానికి కాదు. రెండు స్లింగులు కావాలి. ఒక్కొక్కటీ కట్ట చుట్టూ రెండు చుట్లు తిరగాలి, కొసల నుంచి దాదాపు పావు వంతు దూరంలో ఉండాలి. కోణం కూడా చూడండి, దీన్ని మన సైట్లలో పట్టించుకునేవారు తక్కువ. 2 టన్నుల కట్టను రెండు స్లింగులు నిటారుగా ఎత్తితే ఒక్కోదానిపై టన్ను బరువు. అవే వాలి నేలకు 45 డిగ్రీల కోణానికి వస్తే ఒక్కోదానిపై 1.4 టన్నులు, 30 డిగ్రీలకు వస్తే 2 టన్నులు. కట్ట బరువు పెరగలేదు, స్లింగు మాత్రం తెగుతుంది.

హైడ్రాతో ఇంకో పీడ, ముందు బరువు వేలాడుతూ ఉండగానే బండి నడుస్తుంది. ఆపరేటరుకు ఎదురు సరిగా కనిపించదు. ఊగకుండా ఇద్దరు కుర్రాళ్లు కట్టను చేత్తో పట్టుకుని ముందు నడుస్తారు. ఒకడి కాలు కంకరలో జారితే బండి మీదికొస్తుంది. కట్టకు పొడుగాటి తాడు కట్టి, దూరంగా పక్కన నడుస్తూ పట్టుకోమనండి. కట్ట నేలకు వీలైనంత దగ్గరలో ఉండాలి. సైగలు ఒక్కరే చేయాలి. ఆపమన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆగాలి. క్రేనుకు ఏడాదికోసారి జరగాల్సిన పరీక్ష పత్రం కూడా అడగండి. చూపించడానికి తటపటాయిస్తే జవాబు దొరికినట్టే.

ప్రశ్న: 400 సిమెంటు బస్తాలు ఒకేసారి వస్తున్నాయి. ఎంత ఎత్తు పేర్చవచ్చు? చోటు చాలక సగం మొదటి అంతస్తు గదిలో పెడదామనుకుంటున్నాం.
— బోడుప్పల్ పాఠకుడు

జవాబు: నేల మీద అయితే 10 బస్తాల ఎత్తు దాటకూడదు. సైట్లో సరుకు నిల్వకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 4082 చెప్పేదీ అదే. 8 దాటితే ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం వేయాలి. కింద చెక్కలు, గోడకు ఎడం మామూలే. తీసేటప్పుడు పైనుంచి మెట్లు మెట్లుగా తీయాలి. కింది బస్తా లాగితే వరుస మీద పడుతుంది.

మొదటి అంతస్తు ఆలోచన మానుకోండి. ఇళ్ల గదుల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువుకు లెక్కవేస్తారు. 12 అడుగుల చదరపు గది మొత్తానికి అది 2,700 కిలోలు. అంటే 50 చిల్లర బస్తాలు, అవీ గదంతా పరిచి పెడితే. మీరు పెడదామంటున్న 200 బస్తాలు 10 టన్నులు. రెండు విడతలుగా తెప్పించుకోండి. బస్తాకు రెండు మూడు రూపాయలు మిగులుతాయని షాపువాడు ఆశపెట్టి ఉంటాడు, నాకు తెలుసు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో ఒక ఫ్లాటుకు గ్రానైటు వేయిస్తున్నారు. పోయిన నెల పక్క వీధిలో బండలు దించుతుండగా ఒక కూలీ కాలు నుజ్జయింది. సంఘం తరఫున ఏ జాగ్రత్తలు పెట్టాలి?
— సంఘం కార్యదర్శి, మణికొండ

జవాబు: ఇంటి పనుల్లో నాకు అన్నిటికన్నా భయం గ్రానైటే. చూడటానికి పలచన, బరువు చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు, అదీ 20 ఎం.ఎం. మందానికి. 9 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న ఒక్క బండ 135 కిలోలు. అలాంటివి పది ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి తెస్తారు. తాడు కట్టి ఉన్నంతసేపు అవి కలిసి నిలబడతాయి. తాడు విప్పగానే పది కాగితాల బొత్తిలా విడివడతాయి, ఏది ముందు ఒరుగుతుందో తెలియదు.

మణికొండ గుట్టల మీది ఊరు, మీ వీధుల్లో ఏటవాలు లేనివి తక్కువ. ప్రమాదానికి సగం కారణం అదే. ఫ్రేముకు వాలుగా ఆనిన బండ, లారీ పక్కకు ఒరిగితే నిటారు అవుతుంది, ఇంకాస్త ఒరిగితే అవతలికి పడుతుంది. కాబట్టి లారీని చదునైన చోట నిలిపాకే మోకు విప్పాలి, అది రెండు వీధుల అవతల అయినా సరే. అంతటా వాలే అయితే, బండలు ఏ వైపుకు ఆని ఉన్నాయో ఆ వైపు పల్లంలో ఉండేలా నిలపాలి. చక్రాలకు దిమ్మెలు పెట్టాలి. రెండు వైపులా బండలున్న ఫ్రేము అయితే అటొకటి ఇటొకటి తీయాలి. ఒక వైపంతా ఖాళీ చేస్తే బండి రెండో వైపుకు ఒరుగుతుంది. ఒక బండ తీసినప్పుడల్లా మిగతావాటికి మళ్లీ తాడు కట్టాలి. ఇది విసుగు పని. హమాలీలు చేయరు, ఎవరైనా నిలబడి చేయించాలి.

బండకూ లారీ డాలాకూ (పక్క తలుపుకూ) మధ్య, బండకూ గోడకూ మధ్య మనిషి దూరకూడదు. ఇంకొక మాట, పనివాళ్లందరి ముందు ఫ్లాటు యజమాని నోటితోనే చెప్పించండి: ‘బండ జారితే వదిలేయండి, పట్టుకోవద్దు, డబ్బులు కోయను.’ పగిలితే కూలిలో కోస్తారన్న భయంతోనే చాలామంది చేయి అడ్డం పెడతారు.

లిఫ్టు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఆరుగురి లిఫ్టు అంటే 408 కిలోలు. మూడు బండలు పెడితేనే 405. తోడుగా ఇద్దరు ఎక్కితే లెక్క మీరే వేసుకోండి.

ప్రశ్న: మా నాన్న హమాలీ. రోజూ సైట్లలో సిమెంటు దించుతారు. నడుం నొప్పి, చేతులకు పుండ్లు. బరువుకు ఏదైనా పరిమితి ఉందా? నేను డిగ్రీ చదువుతున్నాను.
— ఒక విద్యార్థిని, ఉప్పల్

జవాబు: ఉందమ్మా. 1998 నాటి కేంద్ర నిర్మాణ కార్మికుల నియమాల్లో ఒక్కరే మోసే బరువు పురుషుడికి 55 కిలోలు, స్త్రీకి 30 కిలోలకు మించకూడదని రాశారు. 50 కిలోల బస్తా ఆ గీతకు లోపలే ఉంది. రాత్రి లారీలో మూడు వందల బస్తాలు నలుగురే దించితే ఏమవుతుందో ఆ గీత చెప్పదు. బస్తాకింత అని కూలి కట్టడం వల్ల వచ్చే తిప్పలివి. ముఠాలో మరో ఇద్దరిని కలుపుకుంటే కూలి తగ్గుతుంది, కలుపుకోకపోతే నడుం పోతుంది. బేరం లారీ వచ్చాక రాత్రి పదకొండింటికి కాకుండా, పగలే మేస్త్రీతో మాట్లాడుకోమనండి. బస్తా దూరం మోయాలంటే వేరే ధర, ఎక్కాల్సిన మెట్లుంటే వేరే ధర.

బస్తాను వంగి నేల మీంచి ఎత్తుకోవద్దు. లారీ మీద ఒకరు వీపు ఎత్తులో అందిస్తే నాన్నగారు తీసుకోవాలి. దిగే పలక ఊగకుండా కట్టి ఉండాలి. పుండ్లు చెమటలో కలిసిన సిమెంటు వల్ల వస్తాయి, అది చర్మాన్ని కాలుస్తుంది. నిండు చేతుల చొక్కా, మెడకు తువ్వాలు, పని అవగానే ధారాళంగా నీళ్లు. కంట్లో పడితే నలపకుండా పావుగంట సేపు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

మీరు చదువుకుంటున్నారు కాబట్టి ఈ పని మీది: లేబర్ ఆఫీసుకు వెళ్లి, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నాన్నగారి పేరు నమోదు చేయించండి. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండాలి, గత ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పనుల్లో ఉండాలి.

ప్రశ్న: ములుగు వైపు నుంచి ఇసుక తెస్తాను. సిటీలో పగలు రానివ్వరు కాబట్టి అన్‌లోడింగ్ అంతా రాత్రే. ప్రమాదం జరిగితే అందరూ డ్రైవరునే కొడతారు. మేము ఏం చూసుకోవాలి?
— ఒక టిప్పర్ డ్రైవరు

జవాబు: అన్నా, మొదట దిగి నడిచి చూడండి. చీకట్లో, తెలియని స్థలంలో, ఎవరో ‘రానీ, రానీ’ అంటే లారీ వెనక్కి పోనివ్వకండి. ఆ మనిషి అద్దంలో కనిపించకపోతే బ్రేకు వేయండి. సెల్లార్ గుంత ఎంత లోతో, అంచు నుంచి కనీసం అంత దూరంలో ఆగండి; వానాకాలంలో ఇంకా ఎక్కువ. పైన గట్టి నేలలా కనిపించేది నిన్న పోసిన మొరం కావచ్చు.

తడి ఇసుక తొట్టి పైభాగంలో అంటుకుంటుంది. కిందిది జారిపోయి బరువంతా పైన ఒక పక్కనే నిలిస్తే బండి ఒరుగుతుంది. అలా అంటుకుంటే ముందుకు వెనక్కి కుదపకండి, పారతో ఎవరినీ పైకి ఎక్కించకండి. తొట్టి దించి, నేల చదును చూసుకుని మళ్లీ ఎత్తండి. తొట్టి పూర్తిగా కూర్చునేదాకా గేరు వేయవద్దు.

ఎత్తేముందు తల పైకెత్తి తీగలు చూడండి, కనీసం 10 అడుగుల ఎడం ఉండాలి. తొట్టి తీగకు తగిలిందంటే క్యాబిన్‌లోనే కూర్చుని, దగ్గరికి వచ్చేవాళ్లను దూరం పొమ్మని అరవండి. వీలైతే తొట్టిని దించండి. లైను ఆపే దాకా దిగవద్దు, విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయించండి. మంటలు వస్తేనే దిగాలి, అదీ బండిని, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్లు కలిపి దూకి, కాళ్లు కలిపే చిన్న చిన్న గంతులతో దూరం పోవాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108.