ఉలిక్కిపడితే పిరికివాళ్లేనా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే దారిలో ఉన్నాయి. అనుకోనిది ఏదైనా జరిగినప్పుడు మెదడులో, ఒంట్లో ఏమవుతుంది అని. అందుకే వాటినే ఒకచోట పెట్టాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువమంది కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

దీపావళికి ఎవరైనా లక్ష్మీ బాంబు పేలిస్తే ఎగిరిపడతాను. వెలిగిస్తున్నారని తెలిసినా, కళ్లెదురుగా చూస్తున్నా సరే. ఇద్దరు పిల్లల తండ్రిని. మా బావమరుదులు "బావకి గుండె లేదు" అని ఏడిపిస్తారు. ఇది తగ్గుతుందా? (ఖమ్మం)

దీనికీ ధైర్యానికీ సంబంధం లేదండీ. మీ ధైర్యం దాకా కబురు చేరకముందే పని అయిపోతుంది. చెవిలో పడిన పెద్ద శబ్దం మెదడు అడుగున, వెన్నుపాముకి సరిగ్గా పైన ఉండే మెదడు కాండానికి చేరగానే అక్కడి నుంచే కండరాలకి ఆర్డరు వెళ్లిపోతుంది, ఆలోచించే పై భాగాలని ఎవరూ అడగరు. రెప్పలు 30-40 మిల్లీ సెకన్లలో మూసుకుంటాయి, ఆ వెంటనే మెడ, భుజాలు, మోచేతులు ముడుచుకుంటాయి. కళ్లకీ మెడకీ దెబ్బ తగలకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. "ఓహో, బాంబు" అని మీకు తట్టేసరికి మీరు ఎగరడం మొదలైపోయి ఉంటుంది.

చార్లెస్ డార్విన్ లండన్ జూలో పఫ్ ఆడర్ అనే విషప్పాము ముందు, మందపాటి అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాడు. పాము కాటేసినా వెనక్కి తగ్గకూడదని గట్టిగా అనుకున్నాడు, మధ్యలో అద్దం ఉందని తెలుసు కూడా. పాము కాటేయగానే ఒకటి రెండు గజాలు వెనక్కి దూకేశాడు! 1872లో అచ్చయిన తన పుస్తకంలో ఆయనే ఈ సంగతి రాసుకున్నాడు. మీ బావమరుదులకి ఇది చదివి వినిపించండి.

ఇక తగ్గడం సంగతి. వరసగా పేలుతుంటే ఎగిరిపడటం తగ్గుతూ వస్తుంది, రెప్పపాటు మాత్రం అంత తేలిగ్గా పోదు. 1930ల్లో ల్యాండిస్, హంట్ అనే అమెరికన్ సైకాలజిస్టులు తుపాకీ పేలుస్తూ హైస్పీడ్ కెమెరాతో ఫిల్మ్ తీస్తే, తుపాకీ బాగా అలవాటున్న పోలీసులు కూడా రెప్ప మూశారు. చీకట్లో ఉన్నా, ముందే టెన్షన్‌లో ఉన్నా ఉలికిపాటు పెరుగుతుంది, మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డలా అనే భాగం దాన్ని ఎగదోస్తుంది. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఏదైనా ప్రమాదం తర్వాత తలుపు చప్పుడుకి కూడా అదిరిపడటం, పీడకలలు, నిద్ర పట్టకపోవడం నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రిస్టుని కలవాలి. మీ బాంబుల గొడవ అలాంటిది కాదు.

ఉరుములు ఉరిమినా లేవను, పక్కన పాప కాస్త మూలిగితే లేస్తాను. ఇంకో విచిత్రం, కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే చెమట పట్టకముందే మెలకువ వచ్చేస్తుంది. మా ఆయన మాత్రం నటిస్తున్నానంటారు. (తెనాలి)

నటన కాదమ్మా, మీ ఆయన్ని నమ్మమనండి. మెదడు శబ్దం ఎంత పెద్దదని మాత్రమే చూడదు, తను అనుకుంటున్నదానికి తేడా వచ్చిందా, వస్తే అది మనకి సంబంధించినదా అని కూడా చూస్తుంది.

ఈ కథ రష్యాలో, కుక్కల మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త పావ్‌లోవ్ దగ్గర మొదలైంది. శిష్యులు కుక్కకి ఏదో నేర్పి, గురువుగారిని పిలిచి చూపించబోతే అది అన్నీ మానేసి కొత్తగా వచ్చిన మనిషి వైపు తల తిప్పి చెవులు రిక్కించేది. ప్రయోగం పాడైందని విసుక్కోకుండా ఆయన దానికే "ఏమిటది?" రిఫ్లెక్స్ అని పేరు పెట్టాడు. తర్వాత మాస్కోలో సొకోలోవ్ అనే శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. చుట్టూ మామూలుగా జరిగేదాని నమూనా ఒకటి మెదడు తయారు చేసుకుంటుంది, వచ్చే ప్రతి శబ్దాన్నీ దానితో పోల్చుకుంటుంది, సరిపోతే వదిలేస్తుంది, సరిపోకపోతే లేపుతుంది. క్రమం తప్పకుండా వినిపిస్తున్న శబ్దాల్లో ఒకటి రాకపోయినా అదే స్పందన వస్తుంది. మీ ఫ్యాన్ ఆగడం అచ్చంగా ఇదే. మోగుతున్నంతసేపూ అది లెక్కలో లేదు, ఆగడమే వార్త.

పాప సంగతికొస్తే, 1960లో బ్రిటన్‌లో నిద్రపోతున్నవాళ్లకి టేపు మీద చాలా పేర్లు వినిపించి ఈఈజీ, అంటే తలకి తీగలు అంటించి మెదడు తరంగాల్ని గీసే పరీక్ష, తీశారు. తమ పేరు వచ్చినప్పుడు మెదడు తరంగాల్లో పెద్ద కదలిక కనిపించింది, మిగతా పేర్లకి అంత లేదు. అంటే నిద్రలో కూడా చెవి దగ్గర కాపలా ఉంది, మనకి కావాల్సిందేదో అది ఎంచుతోంది. పాప గొంతు మీ కాపలా జాబితాలో మొదటి పేరు. మీ ఆయన జాబితాలో ఏముందో నాకు తెలియదు, ఉదయం అలారం మాత్రం లేదనుకుంటాను.

ఇలా చెవి రిక్కించే స్పందనలో గుండె కొద్దిసేపు నెమ్మదిస్తుంది. దడదడ కొట్టుకోవడం, నోరెండిపోవడం లాంటివి ప్రమాదం అనిపించాక అడ్రినలిన్‌తో వచ్చేవి, అది వేరే దశ.

పెద్ద కేసుల్లో నిందితుడికి "బ్రెయిన్ మ్యాపింగ్" చేస్తారని టీవీలో అంటారు. మనసులో ఉన్నది బయటపడిపోతుందా? (కరీంనగర్)

పడదు. వందసార్లు "టిక్" వినిపించి మధ్యలో ఎప్పుడో "టంగ్" వినిపిస్తే, ఆ "టంగ్" తర్వాత ఇంచుమించు 300 మిల్లీ సెకన్లకి ఈఈజీలో ఒక అల లేస్తుంది. 1965లో శామ్యూల్ సట్టన్ బృందం దీన్ని బయటపెట్టింది, పీ-300 అంటారు. అరుదైనది, పట్టించుకోవాల్సినది వచ్చిందని మెదడు పెట్టే గుర్తు లాంటిది. బ్రెయిన్ మ్యాపింగ్‌లో నేరం చేసినవాడికే తెలిసే వస్తువు బొమ్మ చూపిస్తే ఈ అల వస్తుందన్నది పోలీసుల ఆశ. కానీ ఆ వస్తువు అతనికి తెలుసా అన్నదాకానే అది చెప్పగలదు, ఎలా తెలుసో చెప్పలేదు. పేపర్లో చూసినా తెలుస్తుంది కదా! నార్కో, లై డిటెక్టర్‌లతో పాటు దీన్ని కూడా మనిషి ఒప్పుకోకుండా బలవంతంగా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో తేల్చేసింది. టీవీల్లో ఈ ముక్క ఎందుకో తక్కువ వినిపిస్తుంది.

1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన రాత్రి గురించి మా నాన్న ఒకటి చెబుతారు, పెదనాన్న ఇంకోటి. రేడియో పక్కింట్లో విన్నామని నాన్న, రేడియోనే లేదని పెదనాన్న. ఇద్దరూ ఒట్టేసి చెబుతారు. అంత పెద్ద సంగతి ఎవరైనా మర్చిపోతారా? (అవనిగడ్డ)

మర్చిపోరు, అసలు సంగతి మర్చిపోరు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విడుదలయ్యే నార్‌అడ్రినలిన్ అనే రసాయనం, అమిగ్డలా కలిసి ఆ జ్ఞాపకాన్ని గట్టిగా నాటుతాయి. నీళ్లు వచ్చిన తీరు, ఎవరు పోయారన్నది అలా నిలిచిపోతుంది. చుట్టుపక్కల వివరాలకి మాత్రం ఆ గ్యారంటీ లేదు, చిక్కేమిటంటే నమ్మకం మాత్రం అన్నిటికీ ఒకేలా ఉంటుంది.

1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోతే, మర్నాడే అట్లాంటాలో ఉల్రిక్ నైసర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించాడు. దాదాపు రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగితే 44 మందిలో 11 మంది చెప్పింది ముఖ్యమైన వివరాల్లో ఒక్కటీ కలవలేదు. క్లాసులో విన్నానని మొదట రాసిన ఒకమ్మాయి, హాస్టల్లో రూమ్మేట్‌తో టీవీ చూస్తుంటే తెలిసిందని గట్టిగా చెప్పింది. వాళ్లు రాసిన కాగితం వాళ్లకే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. అందుకని నాన్నగారినీ పెదనాన్నగారినీ రేడియో దగ్గర కొట్టుకోనివ్వకండి. ఇద్దరిదీ అబద్ధం కాదు.

గ్రూప్-2కి చదువుతున్నాను. ఫోన్ తీయకపోయినా "టింగ్" మంటే చాలు, చదివింది పోతోంది. అలవాటు పడిపోవచ్చు కదా, ఎందుకు పడటం లేదు? (అశోక్‌నగర్, హైదరాబాద్)

రోడ్డు మీద హారన్లకి అలవాటు పడ్డారు కదా, అవి మీకేమీ చెప్పవు కాబట్టి. "టింగ్" అలా కాదు, పదిసార్లు ఆఫర్లే వచ్చినా పదకొండోది ఇంటి నుంచి కావచ్చు. ఎప్పుడొస్తుందో తెలియని మంచి వార్తకి మెదడు అలవాటు పడదు. ఫోన్ ముట్టుకోకపోయినా నోటిఫికేషన్ వినిపిస్తే చాలు, చేస్తున్న పనిలో తప్పులు పెరుగుతాయని 2015లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో కూడా తేలింది. కాబట్టి మనసుని తిట్టుకోకండి, అన్ని యాప్‌ల శబ్దాలూ ఆపేసి, ఇంటివాళ్ల నంబర్లకి మాత్రం వేరే రింగ్‌టోన్ పెట్టండి. వైబ్రేషన్ కూడా తీసేయండి, బల్ల మీద అది "టింగ్" కన్నా పెద్ద గోల.