రాత్రి లైటుకి మెదడులోని గడియారం ఎందుకు తప్పుతుంది?

భీమవరం పక్క రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా కాసే మా తమ్ముడి ప్రశ్న ఇది: నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర ఫ్లడ్‌లైటు కింద తెల్లారేదాకా కూర్చుని ఇంటికొస్తే, ఒళ్లు అలిసినా నిద్ర ఎందుకు పట్టదు అని.

కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో, సుమారు 20,000 కణాల ముద్ద ఉంటుంది, అసలు గడియారం అదే. అక్కడ క్లాక్, బీమాల్1 అనే ప్రొటీన్లు పెర్, క్రై జన్యువులను ఆన్ చేస్తాయి. వాటి నుంచి తయారైన ప్రొటీన్లు పోగై, తిరిగొచ్చి క్లాక్, బీమాల్1ల నోరే నొక్కేసి, తర్వాత మెల్లగా కరిగిపోతాయి, మళ్లీ మొదలు. చుట్టు తిరగడానికి దాదాపు 24 గంటలు.

లైటు దూరేది ఇక్కడే. కంటి వెనక తెర రెటీనాలో, వెలుగుని పసిగట్టే మెలనాప్సిన్ అనే ప్రొటీన్ ఉన్న కొద్దిపాటి కణాలు (నీలి కాంతికి ఇవి ఇట్టే స్పందిస్తాయి) ఆ ముద్దలోకి గ్లుటమేట్ అనే కబురు మోసే రసాయనాన్ని వదిలితే, లోపల కాల్షియం పెరిగి, క్రెబ్ అనే ప్రొటీన్ చురుకై, పెర్1, పెర్2లను వేళ కాని వేళ ఆన్ చేస్తుంది. పొద్దుగూకాక పడిన లైటు గడియారాన్ని వెనక్కి జరుపుతుంది, తెల్లవారుజామున పడితే ముందుకి. మిట్టమధ్యాహ్నం ఎంత ఎండ కాసినా పెద్దగా కదలదు.

లైటు ఇలా అటూ ఇటూ లాగడంతో గడియారం మా వాడి కాపలాకి తగ్గట్టు కుదురుకోదు, పొద్దున్నే వాడు పడుకునేసరికి పగటి డ్యూటీలోనే ఉంటుంది. ముందుగా, పడుకునే గదికి మందపాటి కర్టెన్ వేయించమన్నాను.