యోర్దాన్ యోవ్కోవ్‌ను ఏ కథతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: బల్గేరియా కథకుడు యోవ్కోవ్ (1880–1937) పల్లెటూరి బడిపంతులుగా గడిపిన ఏళ్లు ఆయన కథల్లో ఎంతవరకు కనిపిస్తాయి, ముందు ఏది చదవాలి?

చాలానే కనిపిస్తాయి. అయితే చూడాల్సింది బడిని కాదు, బడి ఉన్న ఊళ్లని.

పుట్టింది బాల్కన్ కొండల్లో, కొయ్య ఇళ్లకు పేరున్న జెరవ్నాలో. 1900లో సోఫియాలో హైస్కూలు పూర్తిచేసి దోబ్రుజాలో పంతులయ్యారు. మధ్యలో రిజర్వు అధికారి శిక్షణ తీసుకుని, లా చదువులో చేరారు. తండ్రి పోవడంతో అది వదిలేసి మళ్లీ పల్లె బళ్లకే వచ్చి, 1912లో బాల్కన్ యుద్ధం మొదలయ్యేదాకా అక్కడే పాఠాలు చెప్పారు. దోబ్రుజా అంటే నల్లసముద్రం పక్కన గోధుమ పండే మైదానం. బల్గేరియన్లు, తుర్కులు, గొర్రెలు తోలుకొచ్చే రుమేనియా కాపరులు, అందరూ ఒకే దారిలో ఎదురుపడే చోటు.

1913లో రెండు దెబ్బలు: యుద్ధంలో దోయ్రాన్ అనే చోట ఆయన గాయపడ్డారు, దక్షిణ దోబ్రుజా రుమేనియా చేతిలోకి పోయింది. తర్వాత 1920 నుంచి 1927 దాకా ఆయన ఉద్యోగం బుఖారెస్టులోని బల్గేరియా దౌత్య కార్యాలయంలో. మొదట పత్రికా వ్యవహారాలు చూశారు, తర్వాత హోదా తగ్గించి అనువాదకుణ్ణి చేశారు. తన ఊళ్లను తీసుకున్న దేశపు రాజధానిలో కూర్చుని ఆ ఊళ్లనే జ్ఞాపకంతో రాసుకున్నారన్నమాట! అందుకే కథల్లో దోబ్రుజా కాస్త మెరుగుపెట్టినట్టుంటుంది. అప్పటి పల్లె పరిస్థితులకు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటే పొరబడతారు. ఆ నేల తిరిగి బల్గేరియాకు దక్కింది 1940లో, ఆయన పోయిన మూడేళ్లకు.

మ్యాపుతో చదివేవాళ్లు తికమకపడేది ఊరి పేర్ల దగ్గర. పాత తుర్కు పేర్లు తర్వాత మారిపోయాయి. ఆయన కుటుంబం స్థిరపడ్డ పల్లె ఇప్పుడు యోవ్కోవో. దోబ్రుజాలోని దోబ్రిచ్ పట్టణం రుమేనియా కాలంలో బజార్జిక్, 1949 నుంచి 1990 వరకు టోల్బుఖిన్. పాత పుస్తకంలో ఏది కనబడినా ఊరు ఒకటే.

మొదట 'తీగ వెంట' చదవండి. జబ్బుపడ్డ కూతుర్ని బండిలో పడుకోబెట్టుకుని ఒక రైతు, భార్య తెల్ల వానకోయిలను వెతుక్కుంటూ పోతుంటారు. దాన్ని చూస్తే పిల్లకు నయమవుతుందని ఎవరో చెప్పారు. దారిలో కనిపించిన గొర్రెల కాపరి అలాంటి పిట్టను ఎన్నడూ చూడలేదు. అయినా చూశానంటాడు, టెలిగ్రాఫ్ తీగ వెంటే పొమ్మంటాడు. బండి వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడతాడు. నాలుగైదు పేజీలే.

ఆ తర్వాత 'చక్రాల పాట'. తుర్కు బళ్ల మేస్త్రీ సాలీ యాషర్ చేసిన ప్రతి బండికీ వేరే మోత, చప్పుడు వినే వస్తున్నది ఎవరో పోల్చుకుంటారు. 'స్తారా ప్లానినా గాథలు' (1927) చివరికి ఉంచుకోండి, అవి దోబ్రుజావి కావు, పుట్టిన కొండలవి.