అదృష్టానికి చింతపిక్కలు చాలు
రోల్‌ప్లే ఆటల్లో (ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటలు) పాత్రల గుణాంకాల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పల్నాటి వీరుల కాలం నేపథ్యంగా, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఒక టేబుల్‌టాప్ ఆట రాసుకుంటున్నాం. పాత్రలకు బలం, వేగం, నేర్పు, ఓర్పు, తెలివి, జ్ఞానం, మాటకారితనం, ధైర్యం, అదృష్టం అని తొమ్మిది గుణాలు పెట్టాం. తీరా ఆడితే మూడు నాలుగే వాడకంలోకి వస్తున్నాయి. ఏవి తీసెయ్యాలి? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు లెక్క తీయండి. కాగితం మీద తొమ్మిది పేర్లూ వరసగా రాసి, ఏ గుణం మీద పాచిక వేసినా దాని పక్కన ఒక గీత గీయండి. మూడు పూటలు ఆడేసరికి ఏది ఉట్టి అలంకారమో తేలిపోతుంది. మూడు గీతలైనా పడనిదాన్ని పక్కదానిలో కలిపెయ్యండి, లేదా తీసెయ్యండి.

వేగం, నేర్పు రెండూ ఎందుకు? బాణం వేసేటప్పుడు ‘ఇది వేగమా, నేర్పా’ అని ఇద్దరు వాదించుకున్నారంటే అవి రెండు కావు, ఒకటే. తెలివి, జ్ఞానం జంటకూ అదే తంటా. 1974లో వచ్చిన రోల్‌ప్లే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ రెండూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి తర్వాత వచ్చిన ఆటలు చాలావరకు అలాగే ఎత్తి రాసుకున్నాయి. తెలుగులో జ్ఞానం అంటే మనసు ఎటో వేదాంతం వైపు పోతుంది. మీకు కావలసింది పొదలో కదలికనో, ఎదుటివాడి కళ్లల్లో అబద్ధాన్నో పట్టుకోవడం అయితే దాని పేరు ‘పసిగట్టడం’. కోడిపందెం బరిలో నిలబడి ఏ పుంజు నీరసపడుతోందో కనిపెట్టాలంటే వెయ్యాల్సింది ఈ గుణం మీదే. పల్నాటి కథలో పందెం ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. అలాంటి కథలో కత్తికి ఎంత బరువుందో కంటికీ మాటకూ అంతే ఉండాలి. నాగమ్మ పాత్ర కత్తి పట్టకుండానే గెలవగలగాలి.

ఎత్తు వెయ్యడం ఆటగాడి బుర్ర పని కాబట్టి తెలివికి అంకె అక్కర్లేదు. శాసనం చదవడం, వైద్యం లాంటివి ‘విద్యలు’ అని వేరే రాసుకోండి. ధైర్యం కూడా వద్దు. పాచిక తప్పి పడిందని తన వీరుడు పారిపోతే ఏ ఆటగాడైనా నొచ్చుకుంటాడు. నిలబడాలో పరుగెత్తాలో వాడినే చెప్పనివ్వండి. ఇక అదృష్టం. పాచికలో ఉన్నదే అది, దానికి మళ్లీ ఇంకో అంకె దేనికి? పూటకు మనిషికి మూడు చింతపిక్కలు ఇవ్వండి. ఒకటి బల్ల మీద పెడితే ఒకసారి మళ్లీ వేసుకోవచ్చు. మిగిలే గుణాలు అయిదు: బలం, నేర్పు, ఓర్పు, పసిగట్టడం, మాటకారితనం.

ప్రశ్న: ఒక్కో గుణానికి మూడు పాచికలు వేసి కూడుకుంటున్నాం. ఒకరికి 16, 15 పడితే ఇంకొకరికి 11 దాటలేదు. ఆయనకు ఆట మీద మనసు విరిగింది. – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో 104 సార్లు మొత్తం 9 నుంచి 12 లోపే. 16, ఆపైన వచ్చేవి పదే పది. నలుగురు ఆటగాళ్లు ఆరేసి గుణాలకు వేస్తే 24 సార్లు. అందులో 16 దాకా పోయేది సగటున ఒకటి. అది ఎవరికి పడితే వాళ్లే నాయకుడు, మిగతావాళ్లు పరివారం. నాలుగు వేసి చిన్నది తీసేసే పద్ధతిలో సగటు 10.5 నుంచి 12.2కు పెరుగుతుంది గానీ ఈ తేడా మాత్రం పోదు.

పాచికల సరదా వదలలేకపోతే అందరూ వెయ్యండి, వచ్చిన వరసల్లో ఒకటి ఎంచుకుని అందరూ దాన్నే వాడండి. ఎవరు ఏ అంకెను ఏ గుణానికి పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం.

లేదంటే గుణాలను పాయింట్లతో కొనుక్కునే పద్ధతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో కూర్పులో మనిషికి 27 పాయింట్లు. 8 ఉచితం, అక్కణ్ణుంచి 13 దాకా మెట్టుకు ఒక పాయింటు, 14కు మొత్తం 7, 15కు 9. పైమెట్లకు ధర పెంచడం దేనికంటే, లేకపోతే అందరూ ఒకటి రెండు గుణాలకే అంతా కుమ్మరిస్తారు. అయినా 15, 15, 15, 8, 8, 8 కూడా సరిగ్గా 27కే వస్తుంది. 15, 14, 13, 12, 10, 8 కూడా అంతే. 8 పెట్టుకున్న గుణం ఆటలో ఎప్పుడూ అడ్డం రాకపోతే తెలివైనవాడు మొదటిదే ఎంచుకుంటాడు. తప్పు ధరల పట్టికది కాదు, ఆ గుణాన్ని ఎన్నడూ అడగని, కథ నడిపే గేమ్ మాస్టర్‌ది.

ప్రశ్న: ఇరవై ముఖాల పాచిక దొరకలేదు. లూడో పాచికలు రెండు వేసి, గుణాన్ని కలిపి చూస్తే సరిపోతుందా? – మంగళగిరి

జవాబు: సరిపోతుంది, కానీ అంకెలు అవే ఉంచకండి. ఇరవై ముఖాలదానిలో ఒక్కో అంకె కలిస్తే అవకాశం నూటికి అయిదు పెరుగుతుంది, మొదట్లోనైనా చివర్లోనైనా అంతే. రెండు పాచికలలో అలా కాదు. గెలవడానికి 8 కావాలనుకోండి: ఏమీ కలపకపోతే 36లో 15, అంటే నూటికి 42. ఒకటి కలిపితే 58, రెండు కలిపితే 72, మూడు కలిపితే 83. అయిదు కలిపితే 97, ఇక పాచిక వెయ్యడమే దండగ. అందుకని గుణాలను -1 నుంచి +3 లోపే ఉంచండి. -1 అంటే నూటికి 28. అదే చాలా నొప్పి పెడుతుంది.

16, 14 అంటూ పెద్ద అంకెలు రాసుకోవడం కూడా మానెయ్యవచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2000 తర్వాతి కూర్పుల్లో అంకెలోంచి 10 తీసి సగం చేస్తారు, మిగిలిన అర వదిలేస్తారు. 14కైనా 15కైనా +2 మాత్రమే. ఆ +2నే నేరుగా కాగితం మీద రాస్తే సరి.

ప్రశ్న: పాచికల బదులు గవ్వలు వాడొచ్చా? – తెనాలి

జవాబు: బాగుంటుంది. ఆరు గవ్వలు వేసి నోరు పైకి పడినవి లెక్కపెట్టండి. అయితే గవ్వ నాణెం కాదు, ఒక వైపు ఉబ్బు, ఒక వైపు చదును. సగం సగం పడుతుందని నమ్మి పట్టిక రాసుకోకండి. మీ ఆరింటినీ ఆట జరిగే చాప మీదే వందసార్లు వేసి, 0 నుంచి 6 దాకా ఏది ఎన్నిసార్లు వచ్చిందో రాసి, దాన్నిబట్టి గెలుపు అంకె పెట్టుకోండి. గచ్చు మీద ఆడితే లెక్క మళ్లీ తీయాలి.