ఆ ‘యెస్, నో’ పెట్టెను ఆపేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో ఒకటే కంప్యూటర్. మీరు అకౌంట్స్ రాసుకుంటారు, అబ్బాయి గేములు ఆడతాడు, నాన్నగారు పేపర్లు చదువుతారు. మాటిమాటికీ స్క్రీన్ మసకబారి, ఫలానా యాప్ మార్పులు చేయొచ్చా అని యెస్, నో అడుగుతోంది (విండోస్‌లో దీని పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్). దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే నష్టమేమైనా ఉందా?

ఉంది. ఆపొద్దండి. అలాగని మీ చిరాకును కొట్టిపారేయను. రోజుకు పదిసార్లు అడుగుతుంటే ఎవరికైనా విసుగే. కానీ ఆ విసుగుకు కారణం సాధారణంగా ఆ పెట్టె కాదు, ఏదో ఒక్క ప్రోగ్రాం.

నేను కడపలో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. ఎర్రముక్కపల్లె, చిన్నచౌకు వైపు ఇళ్లకు ఎక్కువగా వెళ్తుంటాను. “ఏమన్నా ఇది, ఊరికూరికే అడుగుతాంది, తీసెయ్ పో” అనే మాట నాకు అలవాటే. చాలా ఇళ్లలో చూస్తే అంతకుముందు వచ్చినవాళ్లు తీసేసే ఉంటారు. దీనికో చరిత్ర ఉంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న దాదాపు ప్రతివాడూ అడ్మినిస్ట్రేటరే, అంటే పూర్తి హక్కులున్నవాడే, అడిగే దిక్కు లేదు. 2007లో విండోస్ విస్టాతో ఈ అడగడం మొదలైంది. అది నిజంగానే అతి చేసింది, జనం తిట్టిపోశారు. 2009లో విండోస్ 7 వచ్చాక బాగా తగ్గించి, ఎప్పుడెప్పుడు అడగాలో ఎంచుకునే నాలుగు మెట్ల స్లయిడర్ ఇచ్చారు; అడుగు మెట్టు అంటే అసలు అడగొద్దని. మా సర్వీసు వాళ్లలో కొందరికి మాత్రం విస్టా నాటి అలవాటు పోలేదు. ఫార్మాట్ కొట్టడం, డ్రైవర్లు వేయడం, స్లయిడర్‌ను అడుగుకు లాగేయడం. కస్టమర్ దాని గురించి మళ్లీ ఫోన్ చేయడు కదా, అదొక సుఖం.

అది చేసే పనేమిటో తెలిస్తే తీసేయాలనిపించదు. మీరు అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయినా, విండోస్ మీ ప్రోగ్రాములను మామూలు హక్కులతోనే నడుపుతుంది. పూర్తి హక్కులను పక్కన పెట్టుకుంటుంది. పాతకాలపు ఇళ్లలో పెద్దావిడ బొడ్లో తాళంచెవుల గుత్తి ఉండేది చూడండి, ఇల్లంతా ఎవరైనా తిరగొచ్చు గానీ బీరువా తెరవాలంటే ఆమెను అడగాల్సిందే. స్లయిడర్‌ను అడుగుకు లాగితే ఆ గుత్తిని తెచ్చి గుమ్మానికి తగిలించినట్టే. అప్పుడు అడ్మిన్ అకౌంట్‌లో పూర్తి హక్కులు కావాలన్న ప్రతి ప్రోగ్రాంకూ చప్పుడు లేకుండా ఇచ్చేస్తుంది. అందులో అబ్బాయి ఎక్కడినుంచో దించుకున్న ‘ఫ్రీ’ గేమ్ కూడా ఉంటుంది.

ఇప్పుడు మీ అకౌంట్స్ పని సంగతి. నా అనుమానం దాని మీదే. జీఎస్‌టీ రిటర్నులు వేసే ఒకాయన ఇంట్లో సరిగ్గా ఇదే గొడవ. ఆయన వాడేది పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, లెక్కల డేటా అంతా సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. మామూలు హక్కులతో అక్కడ రాయడానికి విండోస్ ఒప్పుకోదు. దాంతో దాన్ని ఇన్‌స్టాల్ చేసినాయన ఐకాన్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’కు టిక్ పెట్టి వెళ్లిపోయాడు. ఇక తెరిచినప్పుడల్లా అడగక ఏం చేస్తుంది? నేను డేటా ఫోల్డర్‌ను డి డ్రైవ్‌కు మార్చి, సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఆ దారి చూపించి, టిక్ తీసేశాను. మళ్లీ అడగలేదు. మీరూ ముందు డేటా బ్యాకప్ తీసుకుని ఇలా చూడండి. డేటా దారి మార్చే వీలు మీ సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే, ఆ ఒక్క ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్‌లో మీ అకౌంట్‌కు ‘మాడిఫై’ అనుమతి ఇస్తే చాలావరకు సరిపోతుంది.

తెలుగు ఫాంట్లు వేసుకునేవాళ్లదీ ఇలాంటిదే. విండోస్ 10 కొత్త వెర్షన్లలో, 11లో ఫాంట్ మీద రైట్ క్లిక్ చేస్తే మామూలు ‘ఇన్‌స్టాల్’ మీ ఒక్క అకౌంట్‌కే వేస్తుంది, ఏమీ అడగదు. ‘ఫర్ ఆల్ యూజర్స్’ అన్నదాని పక్కన చిన్న డాలు బొమ్మ ఉంటుంది. ఏ బటన్ మీదైనా ఆ బొమ్మ కనిపిస్తే, నొక్కగానే అనుమతి అడుగుతుందని ముందే తెలిసిపోతుంది.

స్లయిడర్‌లో కింది నుంచి రెండో మెట్టు చాలామందికి నచ్చుతుంది: అడుగుతుంది గానీ స్క్రీన్ మసకబారదు. దాని జోలికీ పోవద్దనే అంటాను. ఎందుకో ఒక సంగతి చెబుతాను. మా ఊళ్లో ఒక రిటైర్డ్ మాస్టారు ప్రింటర్ పనిచేయక, నెట్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోన్ చేశారు. అవతలివాడు ఒక రిమోట్ యాప్ (దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపేది) దించమని, అందులో కనిపించే నంబరు చదవమని అడిగాడు. మాస్టారు చదివారు. ఇక బాణం గుర్తు దానంతటదే తిరగడం మొదలైంది, వాడే కిటికీలు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఉన్నట్టుండి స్క్రీన్ మసకబారింది. బాణం ఆగిపోయింది. “సార్, స్క్రీన్ మీద ఏదో వచ్చి ఉంటుంది, యెస్ నొక్కండి” అన్నాడు వాడు. మాస్టారు, “ఇంతసేపూ అన్నీ నువ్వే నొక్కినావు కదప్పా, ఇదొక్కటీ నేనెందుకు నొక్కాల?” అని ఫోన్ పెట్టేసి, నెట్ వైరు పీకి, నాకు కబురు చేశారు.

జరిగింది ఏమిటంటే, ఆ మసకబారిన తెర మీరు పనిచేసే తెర కాదు, విండోస్ విడిగా తెరిచే ఇంకో తెర. మామూలు హక్కులతో నడిచే రిమోట్ యాప్‌కు అది కనిపించదు, దాని మీద నొక్కడమూ కుదరదు. కింది నుంచి రెండో మెట్టులో ఆ విడి తెర ఉండదు, పెట్టె మామూలు తెర మీదే వస్తుంది. ఇక స్లయిడర్ అడుగున ఉండుంటే అసలు పెట్టే వచ్చేది కాదు, వాడి పని నిశ్శబ్దంగా అయిపోయేది. అలాగని ఇది అన్నిటికీ అడ్డు అనుకోవద్దు. బ్యాంకు సైటు తెరిపించి ఓటీపీ చెప్పించుకునేవాడికి ఈ పెట్టెతో పనే లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అన్నిటికన్నా మేలైన పని వేరే ఉంది, దాన్ని ఇళ్లలో దాదాపు ఎవరూ చేయరు. రోజూ వాడే అకౌంట్లను స్టాండర్డ్‌గా, అంటే మామూలు హక్కులే ఉండేలా మార్చడం. అడ్మిన్ అకౌంట్‌లో వచ్చే యెస్, నో పెట్టెను గట్టి గోడగా మైక్రోసాఫ్టే లెక్కవేయదు, దాన్ని తప్పించుకునే వైరస్‌లు ఉన్నాయి. స్టాండర్డ్ అకౌంట్ అయితే యెస్ నొక్కితే సరిపోదు, అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. ముందు కొత్తగా ఒక అడ్మిన్ అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, ఒకసారి దాంట్లోకి లాగిన్ అయి చూసుకోండి. అది పనిచేస్తోందని తేలాకే మీ అకౌంట్‌నూ అబ్బాయిదీ స్టాండర్డ్‌కు మార్చండి. ఈ వరస తప్పితే అడ్మిన్‌గా లోపలికి వెళ్లే దారే లేకుండా పోయి, టెన్షన్ మొదలవ్వొచ్చు. నాన్నగారికి పేపర్ చదవడానికి ఏ అనుమతీ అక్కర్లేదు కాబట్టి ఆయనకు తేడానే తెలియదు. అబ్బాయి మాత్రం రెండు రోజులు అలుగుతాడు. పాస్‌వర్డ్ చెప్పకండి. గేమ్ వేసుకునేటప్పుడు పిలవమనండి. ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని రాసి ఉన్న గేమ్ అయితే పిలిచినా వేయొద్దు.

పెట్టె వచ్చినప్పుడు చూడాల్సింది రంగు, పేరు. పైన నీలం ఉండి, వెరిఫైడ్ పబ్లిషర్ అని కంపెనీ పేరు కనిపిస్తే, దాన్ని మీరే మొదలుపెట్టి ఉంటే, యెస్ అనొచ్చు. పసుపు రంగుతో పబ్లిషర్ ‘అన్‌నోన్’ అని వస్తే ఆగి ఆలోచించాలి. మీరేమీ నొక్కకుండానే వస్తే, రంగు ఏదైనా సరే, నో.

ఇంకో సంగతి. ఫొటోలు, డాక్యుమెంట్లు మీవే కాబట్టి వాటిని పాడుచేయడానికి ఏ వైరస్‌కూ అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రకాలు ఈ పెట్టె రాకుండానే పని కానిస్తాయి. మీ లెక్కలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కాపీ చేసి, డిస్క్‌ను పీకి పక్కన పెట్టండి. మీది విండోస్ 10 అయితే దాని మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ సంగతి ఈ పెట్టెకన్నా ముందు చూడాలి.

ఈసారి స్క్రీన్ మసకబారినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టండి. స్క్రీన్‌షాట్‌లో అది రాదు. అందులో ప్రోగ్రాం పేరు చూస్తే ఏ టిక్ తీయాలో, ఏ ఫోల్డర్ మార్చాలో చెప్పగలను.